ఇరవై మూడు నిమిషాల జాబితా

నాలుగున్నరకి ఆ పిల్లని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. నేను స్టేషన్ మెట్లెక్కేసరికి టైము రెండూ పది.

"పదిహేను నిమిషాలు, వదినా," అన్నాడు మా మరిది, టేబుల్ మీంచి కాళ్ళు తీసి కింద పెడుతూ. "అన్నయ్య ఫోన్ చేసి బతిమాలాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే ప్రైవేటు డిటెక్టివులకి నా స్టేషన్లో కుర్చీ కూడా వెయ్యను."

"నీ కుర్చీ నువ్వే ఉంచుకో. నిలబడే అడుగుతాను."

మా మరిది క్రైమ్ బ్రాంచి ఆఫీసరు. నేను కాపరానికి వచ్చేనాటికి తొమ్మిదో క్లాసు. లెక్కల్లో జవాబు పుస్తకం వెనక చూసి రాసేవాడు. ఇప్పటికీ అంతే, ఎక్కడైనా జవాబు రెడీగా దొరికిందంటే ఇక లెక్క చెయ్యడు. ఈ కేసులో వాడికి జవాబు రెడీగా దొరికింది. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

కేసు సంగతి చెబుతాను. లిఫ్టుల తనిఖీ ఆఫీసులో ఏడుగురు ఇన్‌స్పెక్టర్లు. పన్నెండేళ్ళ కిందట వాళ్ళలో ఒకాయన ఒక బిల్డరు లిఫ్టు ఆపించాడు. వారం తిరక్కుండా ఆయన రెండు మోకాళ్ళూ విరగ్గొట్టారు. అప్పట్నుంచీ ఆ ఆఫీసులో గుంపు సంతకం వచ్చింది. లిఫ్టు బాగుందన్న సర్టిఫికెట్టయినా, ఆపెయ్యమన్న నోటీసయినా, దాని కింద కంప్యూటర్ సంతకం ఒకటి ఉంటుంది. ఆ ఏడుగురిలో ఒకరు పెట్టారని ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఆ ఒకరెవరో మాత్రం తెలియదు. బిల్డరుకే కాదు, పక్క కుర్చీవాడికీ తెలియదు. ఆ ఏడుగురిలో మొన్న మంగళవారం దాకా మా ఆయన కూడా ఉన్నారు. పన్నెండేళ్ళలో ఏ లిఫ్టు ఆపారో నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. అడిగితే "నీకెందుకోయ్, హాయిగా పడుకో" అనేవారు. డిటెక్టివు పెళ్ళానికి చెప్పే మాటేనా అది!

పేరు విప్పే తాళం ఒకటుంది. అది కోర్టు వాళ్ళ దగ్గర సీలు వేసి ఉంటుంది. లిఫ్టు వల్ల మనిషికి దెబ్బ తగిలితే తప్ప బయటికి రాదు. బుధవారం పొద్దున ఒక క్లినిక్కులో లిఫ్టు రెండో అంతస్తు నుంచి జారిపడింది. దాన్ని నడిపే ఆవిడ కాలు విరిగింది. తాడు భేషుగ్గా ఉందని మంగళవారమే సర్టిఫికెట్టు వచ్చిందట. మా మరిది సాయంత్రానికల్లా ఆర్డరు తెచ్చి తాళం తెప్పించి సంతకం విప్పించాడు. నాలుగో నంబరు కార్డు అని వచ్చింది.

ఆ నాలుగో నంబరు పిల్ల ఇప్పుడు నా ఎదురుగా ఉంది. ఇరవై ఆరేళ్ళుంటాయి. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

"ఆ క్లినిక్కి నేను వెళ్ళనేలేదు అక్కా."

"కార్డు ఎవరికైనా ఇచ్చావా?"

"లేదు."

"పోయిందా? ఎక్కడైనా మర్చిపోయావా?"

"మెడలోనే ఉంది. నిద్రపోయేటప్పుడు కూడా తియ్యను."

"మరి నీ సంతకం దానంతటదే కాళ్ళొచ్చి నడిచి వెళ్ళిందా?"

నేను బల్ల మీదికి వంగి నెమ్మదిగా అడిగాను. "గుంపులో సభ్యురాలిగా చేరిన రోజు రహస్య నంబరు నువ్వే చేసుకున్నావా?"

ఆ సంతకానికి పునాది ఆ నంబరే. కొత్తవాళ్ళు తెర వెనక ఒంటరిగా కూర్చుని మీటలు ఇష్టమొచ్చినట్టు నొక్కుతారు. దాంతో నంబరు పుట్టి కార్డులోకి వెళ్తుంది. చేర్చుకునే రిజిస్ట్రారుకి కూడా అది తెలియకూడదు. ఆయన పని జాబితాలో చేర్చడం, తీసెయ్యడం, అంతే.

"ఆఁ, నేనే చేసుకున్నాను," అంది ఠక్కున. అంటూనే కుడి మణికట్టు ఎడంచేత్తో కప్పుకుంది.

"ఏదీ, ఆ చెయ్యి చూడనీ."

ఎముక అతికిన చోట కొంచెం వంకర.

"ఎప్పుడు విరిగింది?"

"రెండేళ్ళయింది. నిచ్చెన మీంచి పడ్డాను."

"ఉద్యోగంలో చేరి ఎన్నాళ్ళయింది?"

చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నిన్నే అడుగుతున్నాను. ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు," అంది గొంతులోనే. ఆ తర్వాత ఇక ఆగలేదు. "వేళ్ళదాకా కట్టుంది అక్కా. ఎడంచేత్తో నొక్కుతుంటే మాటిమాటికీ తప్పు పడుతోంది. మెత్తనయ్యగారు జాలిపడి 'లే తల్లీ, నేను నొక్కి పెడతాను' అన్నారు. రూలు కాదని ఇద్దరికీ తెలుసు. బయటపడితే నా ఉద్యోగం ఊడుతుంది. ఆయన పెద్దవయసులో ఇబ్బంది పడతారు. అందుకే..."

"అందుకే జైలుకి పోదామనుకున్నావా, పిచ్చిమొహమా!"

రిజిస్ట్రారుకి ఆఫీసులో అందరూ పెట్టిన పేరు మెత్తనయ్య. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. నేనూ వినలేదు.

తలుపు తీసుకుని మా మరిది వచ్చాడు. బయటినుంచి వింటూనే ఉన్నాడని మొహమే చెబుతోంది.

"బాగుంది కథ. చెయ్యి విరిగిందట, ముసలాయన జాలిపడ్డాడట. విప్పితే ఈవిడ కార్డే వచ్చింది వదినా. లెక్క అబద్ధమాడదు."

"లెక్క చెప్పింది కార్డు సంగతి. ఆ కార్డు పట్టుకున్న చెయ్యి ఎవరిదో నువ్వు ఊహించి చెబుతున్నావు."

"రుజువుందా?"

"సర్టిఫికెట్టు ఇటివ్వు."

విసురుగా ఇచ్చాడు. సంతకం కింద చిన్న అక్షరాల్లో జాబితా 17 అని ఉంది. వేలు పెట్టి చూపించాను. "ఇదేమిటో చూశావా?"

"ఫైలు నంబరేదో అయ్యుంటుంది."

"నీ మొహం. ఇంట్లో ఎవరైనా చేరినా పోయినా రేషన్ కార్డు మార్పించుకుంటాం కదా, అలాంటిదే ఇది. సభ్యుల్లో ఒకరు తగ్గినా పెరిగినా జాబితాకి కొత్త నంబరొస్తుంది. ప్రతి ఒక్కరూ ఆ ఆఫీసు యంత్రంలో కార్డు పెట్టి కొత్త జాబితాకి దిద్దుకోవాలి. దిద్దుకోకపోతే కార్డు సంతకం పెట్టదు. మంగళవారం మీ అన్నయ్య రిటైరయ్యారు. అదే రోజు ఆయన స్థానంలో కొత్తాయన చేరాడు. మరి ఈ పదిహేడు ఎప్పుడు పుట్టిందో, ఎప్పుడు పోయిందో చూద్దామా?"

మా మరిది వాచీ చూసుకున్నాడు. "నాలుగున్నర దాటితే నేనేమీ చెయ్యలేను."

"జీపు తియ్యి ముందు."

దారిలో మా ఆయన ఫోన్ చేశారు.

"ఏమోయ్, ఆ పిల్ల ఎలా ఉంది?"

"ఏడుస్తోంది. మీరు తిన్నారా?"

"తిన్నాను. నాలుగింటికి ఒకచోటికి వెళ్తున్నా. ఎవరో కొత్త టవర్లో లిఫ్టు చూసి సలహా చెప్పమని పొద్దున ఫోన్ చేశారు. కారు కూడా పంపిస్తారట."

"రిటైరై రెండు రోజులేగా అయింది. ఇంటి పట్టున ఉండలేరా?"

"కాళ్ళు లాగేస్తున్నాయోయ్ ఊరికే కూర్చుంటే."

"వెళ్ళండి, వెళ్ళండి. అక్కడైనా లిఫ్టుని ఖాళీగా పంపి జనాన్ని నిలబెట్టకండి."

నవ్వి పెట్టేశారు. ఆయనకదో జబ్బు. కొత్త లిఫ్టు కనిపిస్తే ముందొకసారి ఖాళీగా పంపి గానీ ఎక్కరు. షాపుకి వెళ్ళినా అంతే. నేను రెండు చేతులా సంచులు పట్టుకుని నిలబడాలి, వెనకాల జనం గొణుగుతుంటే సిగ్గుతో చావాలి.

రిజిస్ట్రారు గదికి చేరేసరికి మూడూ ఐదు. కిటికీ లేని గది. ఒక మూల నల్ల తెర, దాని వెనక బల్ల మీద కుట్టుమిషనంత ఇనప పెట్టె. అదే యంత్రం. గోడకి తాడుతో కట్టిన కాయితాల రిజిస్టరు. కంప్యూటర్లో ఏముందో అదంతా పెన్నుతో రాసి సంతకం పెట్టాలన్నది ఆ ఆఫీసు పాత అలవాటు. అలాంటి చాదస్తాలంటే నాకు మహా ఇష్టం.

మెత్తనయ్య లేచి నిలబడ్డారు. "రామ్మా. మంగళవారం వీడ్కోలు సభలో సరిగ్గా పలకరించలేకపోయాను."

"సభలో మీరు కనబడితే కదండీ పలకరించడానికి," అంటూ రిజిస్టరు తెరిచాను.

మంగళవారం పేజీలో రెండే వరుసలు. పదకొండూ పదికి రెండో నంబరు తొలగింపు, జాబితా 17. పదకొండూ ముప్పై మూడుకి కొత్త సభ్యుడి చేర్పు, జాబితా 18. రెండో నంబరంటే మా ఆయన.

"అంటే పదిహేడో జాబితా బతికింది ఇరవై మూడు నిమిషాలు," అన్నాను మా మరిదితో. "పదహారు రెండేళ్ళుంది. పద్దెనిమిది ఇంకా ఉంది. ఈ సర్టిఫికెట్టు మాత్రం ఆ ఇరవై మూడు నిమిషాల్లోనే పుట్టింది." మెత్తనయ్య వైపు తిరిగాను. "ఒకరిని తీసేసి ఇంకొకరిని చేర్చేటప్పుడు రెండూ ఒకేసారి చెయ్యాలి కదండీ?"

"కొత్తాయన హాల్లో ఫలహారం తింటున్నాడమ్మా. మధ్యలో లేపడం ఎందుకని..."

"అయితే ఆయన తినడం అయ్యాకే రెండూ చెయ్యొచ్చుగా. తొలగింపుకి అంత తొందరేమొచ్చింది?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ టైములో కార్డు దిద్దుకోడానికి ఎంతమంది వచ్చారు?"

"ఎవరొచ్చారో నేను చూడకూడదమ్మా."

"ఎవరని అడగలేదు. ఎంతమందని అడిగాను. యంత్రం లెక్క పెడుతుందిగా."

మా మరిది తెర తీసి యంత్రం మీద అంకె చదివాడు. "జాబితా 17. దిద్దిన కార్డులు, ఒకటి." వాడి మొహం వెలిగిపోయింది. "ఇంకేం వదినా! ఆ ఒక్కటీ నాలుగో నంబరే. నా కేసు నువ్వే గట్టి చేశావు. థాంక్స్."

"నీ ఫోన్ తియ్యి."

"ఎందుకు?"

"తియ్యరా బాబూ. మన ఇంటి గ్రూపు తెరువు. మంగళవారం నేను పంపిన వీడియో ఉంటుంది. మీ అన్నయ్య వీడ్కోలు సభ. మోకాళ్ళ నొప్పులని అత్తయ్య రాలేకపోతే, ఆవిడ కోసం మొదట్నుంచీ చివరిదాకా ఆపకుండా తీశాను. చేతులు పడిపోయాయి. అత్తయ్య మూడుసార్లు చూసింది. తోడబుట్టిన తమ్ముడివి, నువ్వు ఒక్కసారైనా చూశావా?"

వీడియో మీద కిందికి బాణం గుర్తు అలాగే ఉంది. డౌన్‌లోడ్ కూడా చేసుకోలేదు. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

వీడియో మొదలైంది. మా ఆయన తల వెనక గోడ గడియారం, పదకొండూ ఐదు. ఆయన పక్క కుర్చీలో నాలుగో నంబరు పిల్ల, చేతిరుమాలుతో ముక్కు తుడుచుకుంటూ. మా మరిది వేలితో ముందుకి జరిపాడు. పదకొండూ పది, ఉంది. పదిహేను, ఉంది. ఇరవై రెండు, మా ఆయన ఏదో జోకు వేస్తే ఏడుస్తూనే నవ్వుతోంది. పదకొండూ ముప్పైకి ఎవరో వచ్చి కొత్తాయన్ని పిలిచారు. ఆయన లేచి వెళ్ళాడు. పిల్ల కుర్చీలోంచి కదల్లేదు. పదకొండూ ముప్పై ఎనిమిదికి తలుపు దగ్గర మెత్తనయ్య కనిపించారు, జేబురుమాలుతో నుదురు తుడుచుకుంటూ.

"మిగతా ఇన్‌స్పెక్టర్లు కూడా అందరూ ఉన్నారు, లెక్కపెట్టుకో," అన్నాను. "సభలో లేనిది ఒక్కరే. ఆయన సభ్యుడు కాదు కాబట్టి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. రెండేళ్ళ కిందట ఆ పిల్ల నంబరు తను నొక్కారు, ఇంకో కార్డులో దాచుకున్నారు. ఈ పెట్టెలో కార్డు దిద్దడానికి వీలయ్యేది జాబితా మారే రోజునే. పద్దెనిమిదిలో దిద్దితే ఏడుగురికి ఎనిమిది కార్డులని లెక్క తేలిపోతుంది. అందరూ సభలో ఉన్నప్పుడు ఆ దొంగ కార్డు దిద్ది, సంతకం పెట్టారు. పదిహేడు అన్న చిన్న అంకె ఎవరు చూస్తారులే అనుకున్నారు."

మా మరిది రెండోసారి వీడియో జరిపి చూశాడు. మూడోసారి కూడా చూశాడు. తర్వాత స్టేషన్‌కి ఫోన్ చేసి, "ఆ అమ్మాయిని కోర్టుకి తీసుకెళ్ళొద్దు. ఇంటి దగ్గర దింపండి. నేను క్షమాపణ చెప్పానని చెప్పండి," అన్నాడు. నాకు ముచ్చటేసింది. వాడు తప్పు ఒప్పుకోవడం నేను చూడటం ఇదే మొదటిసారి.

మెత్తనయ్య కూర్చుండిపోయారు. ఆయన గోడ గడియారం వైపే చూస్తున్నారు. మూడూ నలభై. దొరికిపోయినవాడు మన మొహం చూస్తాడు, లేదా నేల చూస్తాడు. ఈయన టైము చూస్తున్నాడేమిటి?

నాకు ఒకటి అర్థం కాలేదు. ఆ క్లినిక్కువాళ్ళకి దొంగ సర్టిఫికెట్టుతో ఒరిగిందేముంది? లిఫ్టు పడింది, పేరు పోయింది. మరి ఈ ముసలాయన ఇంత సాహసం ఎవరికోసం చేసినట్టు?

"ఒరేయ్, నిన్న తాళం ఈ యంత్రంలో పెట్టింది ఎన్నింటికి?"

"అయిదూ ఇరవై."

"తీసింది?"

"ఆరూ ఐదు. రాసుకున్నాను."

"ఒక పేరు విప్పడానికి ఎంతసేపు పడుతుందండీ?" అని మెత్తనయ్యని అడిగాను.

మా మరిదే గొణిగాడు. "అర నిమిషం కూడా పట్టలేదు. తర్వాత తాళం బిగుసుకుపోయింది, నెమ్మదిగా తీయాలి, ఈలోగా టీ తాగి రండి అన్నాడు. వెళ్ళాను."

"కోర్టు తాళం వదిలేసి టీకి వెళ్ళావా?"

"బయట వరండాలోనే ఉన్నాను వదినా!"

"ఆ యంత్రంలో విప్పిన పేర్ల లెక్క ఎంతుందో చూడు."

మళ్ళీ తెర వెనక్కి వెళ్ళాడు. వచ్చేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ముప్పై తొమ్మిది."

నువ్వు అడిగింది ఒక్కటి. మిగతా ముప్పై ఎనిమిది ఎవరివి? ఆ మాట నేను పైకి అనలేదు. అనక్కర్లేకపోయింది. లిఫ్టు పడింది మనిషికి దెబ్బ తగలడానికి. మనిషికి దెబ్బ తగిలింది కోర్టు తాళం బయటికి రావడానికి. దొంగ సంతకం, ఆ పిల్ల జైలు, ఆవిడ విరిగిన కాలు, అన్నీ ఈ నలభై అయిదు నిమిషాల కోసం. వాటిని వాళ్ళకి చేతికి అందించింది మా మరిది.

"ఎవరికిచ్చావు పేర్లు?" మా మరిది ఆయన చొక్కా పట్టుకుని లేపాడు. "చెప్తావా, చంపమంటావా?"

"కొట్టు బాబూ, కొట్టు," అన్నారు మెత్తనయ్య అదే మెత్తని గొంతుతో. "జంట టవర్ల వాళ్ళు. మా అబ్బాయి వాళ్ళ దగ్గరే పని. ఎనిమిది నెలల కిందట వాళ్ళ లిఫ్టులు ఆపమని నోటీసు పడింది. టవర్లు అమ్ముడుపోలేదు. అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే నాకు ఒక ఫోటో వస్తుంది. పదకొండో అంతస్తులో, గోడ కట్టని వైపు, అంచున మా అబ్బాయి నిలబడి ఉంటాడు. వాడికేమీ తెలియదు, నవ్వుతుంటాడు. కింద ఏమీ రాయరు. ఫోటో ఒక్కటే. వాళ్ళ నోటీసు మీదా, మిగతా నోటీసుల మీదా సంతకాలు ఎవరివో చెబితే ఫోటోలు ఆగుతాయన్నారు. ఇవాళ పొద్దున రాలేదమ్మా. ఎనిమిది నెలల్లో మొదటిసారి."

"ఆ నోటీసు ఎవరిది?" మా మరిది అడిగాడు.

ఆయన నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించారు. "మాట్లాడతామన్నారు తల్లీ. మాట్లాడతామనే అన్నారు."

రెండో నంబరు.

బల్ల పట్టుకున్నాను. నీకెందుకోయ్, హాయిగా పడుకో. ఎనిమిది నెలలు నా పక్కనే పడుకుని, అంత పెద్దవాళ్ళ టవర్లు ఆపిన సంగతి కడుపులో పెట్టుకుని, రోజూ నన్నే హాయిగా పడుకోమన్నారు. పొద్దున ఫోన్ వచ్చిందన్నారు. కారు పంపుతారన్నారు. నాలుగింటికన్నారు.

మూడూ యాభై రెండు.

ఫోన్ మోగుతోంది. తియ్యరేం? మా మరిది నా భుజం పక్కన వంగి నిలబడ్డాడు. "అన్నయ్యా, తియ్యి. తియ్యి అన్నయ్యా," అంటున్నాడు, తొమ్మిదో క్లాసు పిల్లాడిలా. ఆరోసారి మోగాక తీశారు.

"ఏవండీ, ఎక్కడున్నారు?"

"టవర్లోనోయ్. ముందుగానే వచ్చేశాను. ఇదివరకు నేను చూసిన టవరే, మెట్లెక్కి పైన మోటారు గది చూశాను, ఇప్పుడు బాగానే ఉంది. ఇప్పుడు లిఫ్టులో దిగుదామని..."

"ఎక్కొద్దు! లిఫ్టు ఎక్కకండి! నా మీద ఒట్టు!"

"అబ్బ, చెవులు పగిలిపోతున్నాయి. ఇంకా ఎక్కలేదులే. ముందు ఖాళీగా పంపుతున్నాగా. నీకు తెలియని సంగతా?"

తలుపులు మూసుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత మోటారు మూలుగు. తర్వాత ఏదో టప్పున తెగింది. ఈల లాంటి శబ్దం ఒకటి కిందికి, కిందికి జారిపోయింది. చివర్లో వచ్చిన చప్పుడుకి మా మరిది ఫోన్ దగ్గర్నుంచి ఒక్క అడుగు వెనక్కి వేశాడు.

"ఏవండీ! ఏవండీ!"

చాలాసేపు ఊపిరి మాత్రమే వినిపించింది. ఆయన ఊపిరే. బతికున్నారు. నాకు ఏడుపొచ్చింది, ఏడవడానికి టైము లేదు.

"ఏమోయ్," అన్నారు చివరికి, గొంతు బాగా తగ్గించి. "తాడు తెగింది. తెగినా పట్టుకోవాల్సిన బ్రేకు పట్టలేదు. ఎవరో కావాలనే తీసేశారు. నీకెలా తెలిసింది?"

"తర్వాత చెబుతాను. ఎన్నో అంతస్తులో ఉన్నారు? మీ పక్కన ఎవరైనా ఉన్నారా?"

"పదకొండు. నన్ను తీసుకొచ్చిన ఇద్దరున్నారు. ఇందాకటిదాకా నవ్వుతూ మాట్లాడారు. ఇప్పుడు మాట్లాడటం లేదు. మెట్ల వైపు ఒకడు అడ్డంగా నిలబడ్డాడు."

మా మరిది అప్పటికే జీపు వైపు పరుగెత్తుతున్నాడు, మెత్తనయ్యని చొక్కా పట్టుకుని ఈడ్చుకుంటూ. నేను ఫోన్ చెవికి నొక్కిపట్టి వాళ్ళ వెనకే పరుగెత్తాను.

"వస్తున్నామండీ. గోడకి ఆనుకుని నిలబడండి. కదలకండి, వింటున్నారా?"

"వింటున్నాను," అన్నారు మా ఆయన. "కానీ ఇక్కడ గోడ లేదోయ్."